ఒంగోలు సంఘం – ఆదివారపు హక్కు

మతమనునది వ్యక్తికీ దైవానికీ నడుమ గల ఏకాంత సంబంధమే తప్ప దానికి కూలి రేట్లతోను, బావి నీళ్ళతోను, వెట్టిచాకిరితోను పనిలేదని వాదించే విద్యావంతులు మనలో చాలామంది ఉన్నారు. ఈ వాదం ఎంత డొల్లదో తెలిసికొనుటకు దూరదేశాల చరిత్ర తిరగవేయనక్కరలేదు. మన తెలుగు గడ్డమీద, ఒంగోలు ప్రాంతపు మాదిగపల్లెలలో 19వ శతాబ్ది ఉత్తరార్ధాన ఏర్పడిన బాప్టిస్టు క్రైస్తవ సంఘాల చరిత్ర చాలును. ముస్లిం అధ్యాపకుడొకడు క్రైస్తవ సంఘాన్ని గూర్చి ఈ సంచికలో వ్రాయడమేమిటని కొందరికి తోచవచ్చు. ఆ సంగతి మనకు ఎంత దగ్గరిదో క్రమంగా మనవి చేస్తాను.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. 1867 జనవరి 1వ తేదీన అక్కడ సంఘం స్థాపించినప్పుడు సభ్యులు ఎనిమిది మంది. కాని ఆ ఉద్యమానికి అసలు బీజం వేసినవాడు దొర కాదు. ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ. తోళ్ళ వ్యాపారి. సత్యాన్వేషణలో రాజయోగ గురువులను ఆశ్రయించి సాధన చేసినవాడు. పోతులూరి వీరబ్రహ్మం బోధలు ఆ పల్లెలలో గాఢంగా వ్యాపించి ఉన్న రోజులవి. ఆ వీరబ్రహ్మం ప్రియశిష్యుడు సిద్దయ్య దూదేకుల ముస్లిం అన్న విషయం మన విద్యార్థులలో ఎందరికి తెలుసునో! పేరయ్య 1866లో భార్య నాగమ్మతో కూడ బాప్తిస్మం పొంది, బంధువుల పల్లెలు తిరిగి తాను విన్నది చెప్పాడు. దొర వచ్చి మతం మార్చాడనుట సగం నిజం. మాదిగలే మాదిగలకు బోధించుకొన్నారు.

తొలి దినాలలోనే ఒక పరీక్ష ఎదురైంది. ఒంగోలులోని కొందరు అగ్రకులస్థులు క్రైస్తవ మతం పట్ల ఆసక్తి చూపారు. అదే సమయానికి మాదిగలు కూడ బాప్తిస్మం కోరి వచ్చారు. వారిని చేర్చుకొన్నట్లయితే మేము రామని అగ్రకులస్థులు స్పష్టంగా చెప్పారు. పదిమంది పెద్దలు చేరితే ఊరంతా వెనుక వస్తుందన్న ఆశ ఏ ప్రచారకునికైనా సహజం. ఆ సందిగ్ధంలో క్లౌ ఒక గదిలోను, ఆయన భార్య మరొక గదిలోను ఎవరికి వారు బైబిలు తెరవగా, ఇద్దరికీ కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలోని ఒకే భాగం కనిపించిందని ఆయన తన స్వీయచరిత్రలో చెప్పుకొన్నాడు. లోకం నీచులుగా ఎంచినవారినే దేవుడు ఎన్నుకొన్నాడన్నది ఆ భాగం సారాంశం. మాదిగలను చేర్చుకొన్నారు, అగ్రకులస్థులు వెళ్ళిపోయారు. ఇది దైవసంకల్పమా, యాదృచ్ఛికమా అన్న చర్చ నాకు అక్కరలేదు. పలుకుబడి గలవారు గుమ్మంలో నిలిచి షరతు పెట్టినప్పుడు, ఆ షరతును త్రోసిపుచ్చి పలుకుబడి లేనివారిని లోనికి పిలిచిన సంస్థలు ఏ మతంలోనైనా ఎన్ని ఉన్నవి? నన్ను ఆలోచింపజేసినది ఈ ప్రశ్న.

సంఘంలో చేరేవారికి విధించిన నియమాలు ముఖ్యంగా మూడు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. పైకి ఇవి కేవలం మతాచారాల వలె కనిపిస్తాయి. ఆనాటి గ్రామ వ్యవస్థ తెలిసినవారికి వీటి అర్థం వేరుగా బోధపడుతుంది. మాదిగవాడు రైతుకు చెప్పులు, కపిల బానలు కుట్టి ఇవ్వాలి. గొడ్డు చస్తే లాగివేయాలి. జాతరలో డప్పు కొట్టాలి. కరణం, మునసబు ఎప్పుడు పిలిస్తే అప్పుడు వెట్టికి పోవాలి. ప్రతిఫలంగా కల్లం దగ్గర మేర కొలుస్తారు. ఆ మేర మీదనే సంవత్సరమంతా కుటుంబం బ్రతకాలి. ఇటువంటి వ్యవస్థలో ఒక మనిషి "నేను ఈ దినం పనికి రాను" అన్నాడంటే దాని అర్థమేమి? ఏడు దినాలలో ఒక దినం నా కాయం నాది, నా కాలం నాది అని ప్రకటించడమే. సెలవుదినమనే భావన మన కార్మిక చట్టాలలోకి రావడానికి పూర్వమే మాదిగపల్లెలో అది అమలు కావడం మొదలైంది. చచ్చిన గొడ్డును తినననుట కూడ అంతే. అది నోటి రుచికి సంబంధించిన నియమం కాదు. నీకిది చాలునని ఊరు విసరివేసిన దానిని నిరాకరించడం. గ్రామాధికారులు కక్ష గట్టారు. పని ఇవ్వక, వెట్టికి నిర్బంధించి వేధించారు. ప్రార్థన చేసికొంటే ఎవరికీ కోపం రాలేదు. ఆదివారం పనికి రాకపోతేనే కోపం వచ్చింది.

ఆ ఆదివారపు కూటంలో ఏమి జరిగేది? చెట్టు క్రింద కూర్చుండేవారు, పాడేవారు, చదవడం వచ్చిన ఒక్కడు చదివితే తక్కినవారు వినేవారు. ఆ ఒక్కడే వారమంతా పిల్లలకు ఓనమాలు దిద్దించేవాడు. పల్లె పెద్దల వ్యవస్థను క్లౌ చెడగొట్టలేదు. ఆ పెద్దలనే సంఘ పెద్దలుగా నిలిపాడు. బోధకులు మూడు నెలలకొకసారి ఒంగోలులో కలిసి, తమ తమ పల్లెల కష్టసుఖాలు చెప్పుకొని, తిరిగి వెళ్ళేవారు. అక్షరం, కూటం, కబురు - ఈ మూడూ అంతవరకు ఆ పల్లెలకు దూరంగా ఉంచబడినవే.

ఇక 1876-78 నాటి మహాక్షామం. ధాత సంవత్సరాన మొదలైనందున పెద్దలు దానిని ధాత కరువు అంటారు. ఆనాడు ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ త్రవ్వకాన్ని కరువు పనిగా చేపట్టింది. సర్వేయింగ్ తెలిసిన క్లౌ సుమారు మూడున్నర మైళ్ళ కాలువకు కాంట్రాక్టు తీసికొన్నాడు. బోధకులను మేస్త్రీలుగా నియమించి, వేలాది మందికి పని కల్పించాడు. పనికి వచ్చినవారిలో అన్ని కులాలవారు ఉన్నారు. క్రైస్తవుడవా కావా అని అడిగి పార ఇవ్వలేదు. మరొక సంగతి ముఖ్యంగా గమనింపదగినది. కరువు కాలంలో ఆయన బాప్తిస్మాలు పూర్తిగా నిలిపివేశాడు. గింజల కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. కరువు తగ్గిన తరువాత, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీటిలో నిలిచి ఆ పని నిర్వహించారు. ఆ సంవత్సరంలో చేరినవారు తొమ్మిది వేలకు పైబడ్డారు. వీరిని "బియ్యపు క్రైస్తవులు" అని పరిహసించేవారు నేటికీ ఉన్నారు. బియ్యం దొరికిన రోజులలో నదిలో దిగనివ్వలేదు. దిగిననాడు పంచడానికి బియ్యం లేదు. పైగా, ఆకలిగొన్నవానికి కూలి ఇప్పించడం ధర్మకార్యం కాదని ఏ మతగ్రంథం చెబుతుంది? మన జకాత్ ఎవరికోసం?

క్లౌ 1910లో మరణించాడు. ఆయన జీవితకథ 1914లో ఆంగ్లంలో వెలువడింది. ప్రాచ్యదేశంలో సామాజిక క్రైస్తవం అన్న అర్థం వచ్చే పేరు దానికి. దానిని గ్రంథస్థం చేసినది ఆయన రెండవ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ. మాదిగల గురువులను, కథలను సేకరించి 1899లోనే ఆమె ఒక విలువైన పుస్తకం ప్రకటించింది. ఈమె తమ్ముడు వాల్టర్ రౌషెన్‌బుష్ న్యూయార్కు పేదవాడలో పాస్టరుగా పనిచేసి, 1907లో వెలువరించిన గ్రంథం ద్వారా అమెరికాలో సామాజిక సువార్త అనే భావధారకు ప్రధాన వ్యాఖ్యాత అయ్యాడు. అక్క ఒంగోలులో, తమ్ముడు న్యూయార్కులో! మన మారుమూల పల్లెల అనుభవం ప్రపంచపు ఆలోచనలకు అంత సమీపంలో ఉండేదన్న మాట.

ఇంతవరకు చెప్పినది ప్రశంస. కాని ప్రశంసతో ఆగితే అది చరిత్ర అనిపించుకోదు. కులాన్ని సంఘం పూర్తిగా జయించలేకపోయింది. బాప్టిస్టు సంఘాలు ప్రధానంగా మాదిగలవిగాను, గుంటూరు ప్రాంతపు లూథరన్ సంఘాలు ప్రధానంగా మాలలవిగాను స్థిరపడ్డవి. ఒకే ప్రభువు బల్ల దగ్గర రొట్టె విరిచినవారు వియ్యమందుకోవడానికి వెనుకాడారు. తరువాతి తరాలలో విద్యావంతులైన వారు పట్టణాలు చేరి, పల్లెను సంవత్సరానికొకసారి, కోతల పండుగనాడు, గుర్తుచేసికొనే స్థితికి వచ్చారు. మిషను ఆస్తుల తగాదాలు కోర్టులకెక్కినవి. గుర్రం జాషువ వంటి మహాకవి తన దుఃఖాన్ని దేవునికి విన్నవించుకొనుటకు 1941 నాటి గబ్బిలంలో పక్షిని కాక గబ్బిలాన్ని దూతగా పంపవలసివచ్చిన దేశం మనది. కవి పుట్టిన ఇల్లు క్రైస్తవులదే అయినా, ఊరు ఆయనను కులంతోనే చూసింది.

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలు హత్యకు గురి అయినప్పుడు, ప్రాణాలు అరచేత పట్టుకొని చీరాల చేరినవారు చర్చి ఆవరణలో తలదాచుకొన్నారు. అదే సంవత్సరం సెప్టెంబరులో, అనగా రెండున్నర నెలలకే, సుప్రీంకోర్టు సూసై కేసులో తీర్పు చెప్పింది. మద్రాసులో రోడ్డు ప్రక్క చెప్పులు కుట్టుకొనే ఒక ఆదిద్రావిడ క్రైస్తవుడు, తోటి హిందూ చర్మకారులకు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చిన బంకు తనకెందుకు ఇవ్వలేదని అడిగాడు. మతం మారిన తరువాత కూడ అదే తీవ్రతతో వెనుకబాటు కొనసాగుతున్నదని ఋజువు కాలేదని న్యాయస్థానం అతని అర్జీ త్రోసివేసింది. కారంచేడులో గొడ్డలి ఎత్తినవాడు మాత్రం ఎదుటివాడు ఏ మందిరానికి పోతాడని విచారించలేదు.

దీనికంతకు మూలం 1950 ఆగస్టు 10వ తేదీన వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడవ పేరా. హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్థుడు కాడన్నది దాని సారం. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించారు. క్రైస్తవులు, ముస్లింలు మిగిలిపోయారు. మన రాష్ట్రంలో క్రైస్తవం స్వీకరించిన షెడ్యూల్డు కులాలవారిని వెనుకబడిన తరగతులలో 'సి' వర్గంగా చేర్చి ఒక శాతం రిజర్వేషను ఇచ్చారు. ఎన్నికలలో రిజర్వుడు స్థానం లేదు, 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టపు రక్షణ లేదు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ పేరాను పూర్తిగా తొలగించాలని సిఫారసు చేసింది. 2022 అక్టోబరులో కేంద్రం కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరొక కమిషన్ నియమించింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవుల కోసం తీర్మానం చేసింది. తీర్మానాలకు, కమిషన్లకు కొదువ లేదు.

ఈ పేరా వలన కలిగిన నైతిక నష్టం ఆర్థిక నష్టం కంటె పెద్దదని నా అభిప్రాయం. ప్రవేశ దరఖాస్తులు పరిశీలించే అధ్యాపకులందరికీ ఇది అనుభవమే: ఇంట్లో బైబిలు, ధ్రువపత్రంలో హిందువు. ఆ బాలుని కపటి అనుటకు నాకు నోరు రాదు. తన దైవం పేరు దాచుకొంటేనే చదువు దొరుకుతుందని పదునెనిమిదేండ్ల పిల్లవానికి నేర్పినది రాజ్యం. ఆదివారం తన హక్కు అని పేరయ్య తరం ధైర్యంగా చెప్పింది. వారి మునిమనుమడు ఆదివారం చర్చికి పోయినట్లు కాగితం మీద ఒప్పుకోలేకున్నాడు.

ఇక మన సంగతి. ఆ మూడవ పేరా మెహ్తర్ ముస్లింను కూడ అదే విధంగా బయట నిలబెట్టింది. మన మసీదులో పాకీపని చేసేవాడూ నవాబూ ఒకే వరుసలో భుజం కలిపి నిలుస్తారని మనం గర్వంగా చెప్పుకొంటాము. నిజమే, నమాజు ముగిసేవరకు నిజం. ఆ తరువాత? సచార్ కమిటీ 2006లో మన సమాజంలోని అష్రఫ్, అజ్లఫ్, అర్జల్ తేడాలను అచ్చులో పెట్టినప్పుడు ఇస్లాంలో కులం లేదని మన పెద్దలు కొందరు ఆగ్రహించారు. ఇస్లాంలో లేదు, ముస్లింలలో ఉన్నది. దూదేకుల వారి ఉర్దూ సరిగా రాదని నవ్వే నోళ్ళు మన మధ్యనే ఉన్నవి. వారు మాట్లాడే తెలుగు ఈ సంచికలో సగం భాగానికి భాష అన్న సంగతి ఆ నోళ్ళకు గుర్తు రాదు. దళిత క్రైస్తవుల కోర్కెను వారి సొంత వ్యవహారమని మనం ఊరుకొంటే, మన మెహ్తర్ల కోర్కెను కూడ గోతిలో వేసినట్లే. రెండు కోర్కెలకు అడ్డుగా ఉన్న వాక్యం ఒక్కటే.

కళాశాల కమిటీ పెద్దలకు సవినయంగా కొన్ని విషయాలు విన్నవించుకొంటాను. రాజ్యాంగంలోని 30వ అధికరణం మనకు సంస్థలు నడుపుకొనే హక్కు ఇచ్చినది. ఆ హక్కు క్రింద నిండే సీట్లలో మెహ్తర్, దూదేకుల, ఫకీరు కుటుంబాల పిల్లలు ఎందరున్నారో ప్రతి సంవత్సరం లెక్క తీసి ఈ సంచికలోనే ప్రకటించండి. ఇంట్లో మొదటిసారి కళాశాల గడప త్రొక్కినవారికి, వారు ఏ మతస్థులైనా, మొదటి సంవత్సరపు పుస్తకాలు కళాశాల నిధి నుండి ఇప్పించండి. మూడవ పేరాను గూర్చి ఊరి పాస్టర్లను, ఇమాములను, న్యాయవాదులను ఒకే వేదికమీదకు పిలిచి, ఉర్దూ తెలుగు రెండు భాషలలోను ఒక సదస్సు జరపండి. సదస్సు శుక్రవారం కాని, ఆదివారం కాని పెట్టవద్దు. శనివారం సాయంకాలమైతే ఎవరి ప్రార్థనా తప్పదు. కూలికి పోయినవారు కూడ తిరిగి వచ్చే వేళ అది.