ముందు లేచే మనిషికి స్వెట్టర్ ఏదీ?

మా చెల్లెలి కూతురు అమెరికాలోని కొలరాడోలో ఉద్యోగం చేస్తోంది. కిందటి మార్చిలో ఓ సోమవారం, నేనింకా వాకిట్లో కళ్ళాపి చల్లుతుండగానే ఫోన్ చేసింది. అక్కడ వాళ్ళకి ఇంకా ఆదివారం సాయంత్రమే. "పెద్దమ్మా, మంచు మీద ఆడుకోవడానికెళ్ళి వణుకు తెచ్చుకున్నాను" అంటూ తుమ్మింది.

ఆ ఆట పేరు స్నోబోర్డింగ్. రెండు కాళ్ళూ ఒకే పలకకు బిగించుకుని మంచు వాలు మీద జారడం. 1998లో జపాన్‌లోని నగానోలో జరిగిన శీతాకాల ఒలింపిక్స్‌లో దీనికి చోటు దొరికింది. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆ కొండల మీద మంచూ ఉంటుంది, మంచి ఎండా కాస్తుంది. ఎండ బాగుంది కదా అని మా పిల్ల దళసరి కోటు కారులోనే పెట్టేసి, నూలు హుడీ ఒక్కటే వేసుకుని వెళ్ళిందట. హుడీ అంటే మన కాలేజీ పిల్లలంతా ఇప్పుడు వేసుకుంటున్నదే, వెనక టోపీ కుట్టిన చొక్కా. ఎండకి మెత్తబడిన మంచులో నాలుగుసార్లు పడింది. బయట మంచు తడి, లోపల చెమట తడి. ఇంతలో మబ్బు పట్టి గాలి లేచింది. ఇంకేముంది, పళ్ళు టకటకలాడాయి.

ఆ కబుర్లు వింటూ ఉండగానే మా వీధిలోంచి ఆటో ఒకటి వెళ్ళింది. దాంట్లో మిరపకాయలు ఏరడానికి వెళ్ళే ఆడవాళ్ళు. చీర మీద మగవాళ్ళ పాత ఫుల్ చేతుల చొక్కా, తలకి తువ్వాలు. మార్చిలో అంత చలి లేదు గానీ, జనవరిలోనూ వాళ్ళ వేషం అదే. ఆ క్షణంలో నాకు అనిపించింది: కొలరాడోలో మా పిల్లకి వచ్చిన చిక్కూ, నేలకొండపల్లిలో వీళ్ళకి ఉన్న చిక్కూ ఒకటే కదా! పొద్దున చలి, పగలు ఎండ, ఒంటి నిండా చెమట. కాకపోతే ఆ పిల్లది ఆట, వీళ్ళది బతుకు.

మా ఖమ్మం వైపు అంటే అందరికీ ఎండలే గుర్తొస్తాయి. కానీ సంక్రాంతి ముందు తెల్లవారుజామున బయటికొచ్చి చూడండి, చలి ఎలా ఉంటుందో. మిరప పనులు జనవరి నుంచి ఎండలు ముదిరేదాకా సాగుతాయి. చేలో మంచు ఆరకముందే అక్కడ ఉండాలి. పది దాటితే అంగి విప్పేద్దామా అనిపించేంత ఉక్క.

ఈ జనవరిలో ఓ అమ్మాయిని అడిగాను, ఆ చొక్కా ఎందుకేసుకుంటారని. "పొద్దున చలి ఆపుతది, పగలు ఎండ ఆపుతది, కాయ ఘాటు ఒంటికి అంటనియ్యదు. మా ఆయన పాత అంగి అక్కా" అని నవ్వింది. మరి స్వెట్టర్ కొనుక్కోలేదా అంటే, "పిల్లలిద్దరికీ కొన్నా. ఆయన చీకట్ల నీళ్ళు పెట్టబోతడు గదా, ఆయనకూ కొన్నా. నాకెందుకక్కా, పనిచేస్తుంటే ఒళ్ళు వేడెక్కదా?" అంది.

ఒళ్ళు వేడెక్కుతుంది నిజమే. కానీ వేడెక్కేదాకా? తలుపుల్లేని ఆటోలో గంటసేపు ఎదురుగాలి తినాలి. చేలో దిగగానే మంచుకి తడిసిన మొక్కల మధ్య చీర కుచ్చిళ్ళు తడుస్తాయి. ఎండ బాగుంది కదా అని మా పిల్ల కోటు వదిలేసింది. పని ఉంది కదా అని ఈ అమ్మాయి అసలు కొనుక్కోనే లేదు.

ఏ గుడ్డ మంచిది?

చలికి బట్ట కొనేటప్పుడు మనం దళసరి చూస్తాం, రంగు చూస్తాం, ధర చూస్తాం. నార ఏమిటో చూడం. నూలు చెమటని పీల్చుకుంటుంది, అందుకే ఒంటికి హాయి. కానీ ఒకసారి తడిస్తే తొందరగా ఆరదు, ఆ తడి ఒంట్లో వేడిని లాగేస్తుంది. కొలరాడోలో జరిగింది అదే. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమ పీల్చుకున్నా తడి తెలియనివ్వదు. అయితే అసలు ఉన్ని ఖరీదు. మన సంతల్లో, పేవ్‌మెంట్ల మీద ఉన్ని పేరుతో దొరికేవి చాలావరకు యాక్రిలిక్‌వి. అది పెట్రోలియం నుంచి తీసే నార. వెచ్చగానే ఉంటుంది, తేలిక, ఉతికితే తొందరగా ఆరుతుంది. కానీ చెమట పీల్చదు, మధ్యాహ్నానికి జిడ్డుగా చికాకు పెడుతుంది. అంతకంటే ముఖ్యం, నిప్పు అంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. కాబట్టి వదులు చేతుల యాక్రిలిక్ స్వెట్టర్‌తో పొయ్యి దగ్గరికి వెళ్ళకండి. కట్టెల పొయ్యి అయినా, గ్యాస్ అయినా.

మరి ఏం చేయాలి? ఒక్క మందపాటిది కాకుండా రెండు మూడు పల్చటివి వేసుకోవాలి. కొండలెక్కేవాళ్ళంతా చేసేది అదే. 2014 మే 25న మాలావత్ పూర్ణతో పాటు ఎవరెస్ట్ ఎక్కిన ఆనంద్ కుమార్ మన చర్ల మండలం అబ్బాయే, అప్పుడది ఖమ్మం జిల్లాలోదే. అంత ఎత్తున కూడా బట్టలు పొరలు పొరలుగానే వేసుకుంటారు. ఎండెక్కితే ఒకటి తీస్తారు, గాలి లేస్తే మళ్ళీ తొడుగుతారు. ముందు వైపు గుండీలో జిప్పో ఉంటే తీయడం తేలిక. తల మీంచి లాగే హుడీ కంటే ముందు తెరుచుకునేదే మన ఆడవాళ్ళకి వీలు. చీర మీద చొక్కా తొడిగి, పదయ్యాక గుండీలు విప్పే మా మిరప కూలీలకి ఈ శాస్త్రం ఎవరూ చెప్పలేదు, వాళ్ళకే తెలుసు. వాళ్ళకి లేనిది తెలివి కాదు, లోపల వేసుకోవడానికి ఒక పల్చటి స్వెట్టర్.

హుడీ పుట్టుక కూడా ఇలాంటిదేనట. 1930ల్లో అమెరికాలో చలి గోదాముల్లో పనిచేసే కూలీల కోసం చొక్కాకి టోపీ కుట్టారంటారు. ఇవాళ అదే ఫ్యాషన్ అయి మన షాపుల్లో వేలాడుతోంది. కూలీ బట్ట ఫ్యాషన్ అయింది గానీ, మన కూలీ మనిషి దగ్గరికి మాత్రం రాలేదు.

పన్ను తగ్గింది, ఎవరికి?

2025 సెప్టెంబర్ 22 నుంచి రెడీమేడ్ బట్టల మీద జీఎస్టీ మారింది. 2,500 రూపాయల దాకా 5 శాతం, అంతకు మించితే 18 శాతం. అంతకు ముందు 1,000 దాటితే 12 శాతం ఉండేది. అంటే 1,500 రూపాయల స్వెట్టర్ మీద పన్ను 180 నుంచి 75కి దిగింది, 105 రూపాయలు మిగులు. మధ్యతరగతి ఇల్లాళ్ళకి సంతోషమే. కానీ 400 రూపాయల స్వెట్టర్ మీద ముందూ 5 శాతమే, ఇప్పుడూ 5 శాతమే. పేవ్‌మెంట్ మీద కొనేదానికి బిల్లే ఉండదు. కాబట్టి అందరికంటే చలిలో ముందు బయటికొచ్చే మనిషికి ఈ మార్పు వల్ల ఒరిగింది ఏమీ లేదు.

అయినా తప్పంతా సర్కారుదే అంటే ఎట్లా? మన ఇళ్ళలో జాబితా ఎట్లా తయారవుతుందో చూడండి. ముందు పిల్లలు, తర్వాత ఆయన, తర్వాత అత్తమామలు. మన వంతు వచ్చేసరికి డబ్బులూ అయిపోతాయి, చలికాలమూ అయిపోతుంది. "నాకు పైట ఉందిగా" అంటాం. అందరికంటే ముందు లేచి చన్నీళ్ళలో చేతులు పెట్టేది మనమే, అందరికంటే చివర కొనేదీ మనకే. కూలీ ఇంట్లోనే కాదు, ఉద్యోగస్తుల ఇంట్లోనూ ఇంతే. నా సంగతీ అంతే. నా ఒంటి మీద ఉన్నది మావాడు కాలేజీలో వేసుకుని వదిలేసిన స్వెట్టర్.

విరాటుడి కొలువు మా ఊరేనని మా వైపు పెద్దలు చెబుతారు. భారతంలో ఆ విరాటుడి కూతురు ఉత్తర, యుద్ధానికి వెళ్ళే బృహన్నలని ఏమడిగింది? నా బొమ్మలకి కౌరవుల మేలి వస్త్రాలు తెమ్మని. అడగడానికి ఆ పిల్ల సిగ్గుపడలేదు. బొమ్మల కోసమైనా అడిగింది. మనం మన ఒంటి కోసం కూడా అడగం.

వచ్చే కార్తీకంలో బట్టల జాబితా రాసేటప్పుడు ముందు లేచే మనిషి పేరు పైన రాద్దాం. కూలీలని తీసుకెళ్ళే రైతులు ఆటోకి రెండు వైపులా పట్టా కట్టించమని చెబితే పెద్ద ఖర్చేమీ కాదు. మా పిల్లకి మాత్రం ఫోన్‌లో అప్పుడే చెప్పాను, "ఎండని నమ్మి కోటు వదలకమ్మా, నడుముకి చుట్టుకునైనా వెళ్ళు" అని. "మరి నువ్వేం వేసుకున్నావు పెద్దమ్మా?" అంది. జవాబు చెప్పలేకపోయాను.