చౌక ఇంధనము – పూర్తి లెక్క

ఒక వస్తువు చౌక యని చెప్పుటకు ముందు, దాని వెలను ఎవరు చెల్లించుచున్నారో విచారించుట వివేకుల లక్షణము. పాత కారులోని పెట్రోలు ఇంజనును తీసివేసి, దాని స్థానమున టర్బోచార్జరు గల డీజిల్ ఇంజనును అమర్చుట ఇట్టి విచారణకు తగిన విషయము. ఈ పనిని మెచ్చువారు అందలి నేర్పును, పొదుపును చూతురు. తెగడువారు పొగను చూతురు. ఇరువురు చూచినదియు నిజమే. ఐతే, జమను ఒకరు, ఖర్చును ఇంకొకరు చదివినంత మాత్రమున లెక్క తేలదు. రెండింటిని ఒకే కాగితముపై వ్రాసి చూడవలెను.

ఈ మార్పిడి నిన్న మొన్న పుట్టినది కాదు. రుడాల్ఫ్ డీజిల్ అను ఇంజనీరు 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గు పట్టణమున తన ఇంజనును జయప్రదముగా నడిపి చూపెను. చాలకాలము అది ఓడలకును, కర్మాగారములకును తగిన బరువైన యంత్రముగనే ఉండెను. అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున అట్టి ఇంజనులను తయారు చేయుచుండిన క్లెస్సీ కమిన్స్, 1929లో ఒక పాత ప్యాకర్డు కారును తీసికొని, అందలి పెట్రోలు ఇంజనునకు బదులు తన డీజిల్ ఇంజనును బిగించెను. ఆ యేటి క్రిస్మసునాడు తన సంస్థకు పెట్టుబడి పెట్టిన ఇర్విన్ అను బ్యాంకరును అందు కూర్చుండబెట్టి త్రిప్పెను. 1930 జనవరిలో అదే కారును న్యూయార్కు మోటారు ప్రదర్శనమునకు నడుపుకొని పోయెను. సుమారు 800 మైళ్ల దారికి ఇంధనపు ఖర్చు ఒక డాలరు 38 సెంట్లు. డీజిల్ కారు చరిత్రలో ఒక తొలి అధ్యాయము ఇట్లు పాత కారులోనే వ్రాయబడినది.

మన దేశమున ఈ కథకు నాయకుడు అంబాసిడర్. 1980 ప్రాంతమున ఆ కారునకు కర్మాగారమువారే డీజిల్ ఇంజనును అమర్చి అమ్మజొచ్చిరి. అది పెట్రోలు ఇంజనుకన్న బలహీనమే. అయినను టాక్సీవారు దానినే కోరిరి. కారణము ఇంధనపు వెల. ప్రభుత్వము చాలకాలము డీజిల్ ధరను తగ్గించి ఉంచినది. 2012 మే నెలాఖరున ఢిల్లీలో లీటరు పెట్రోలు 73 రూపాయలు దాటగా, డీజిల్ 41 రూపాయలకు లోపుగనే ఉండెను. లారీకి, బస్సుకు, రైతు పంపుకు ఉద్దేశింపబడిన ఆ తగ్గింపు కారుల టాంకులలోనికి కూడ ప్రవహించెను. క్రొత్త డీజిల్ కారు కొనలేనివారు పాత పెట్రోలు కారునే మార్పించుకొనిరి. పాత ఇంజనులను విప్పి, కూర్చి, ప్రాణము పోయగల చేతులు మన ప్రతి పట్టణమునను కలవు.

ఆ చేతుల విద్యను మనము చులకనగా చూడరాదు. పెట్రోలు ఇంజనులో గాలియు ఇంధనమును కలిసి లోనికి వచ్చును. స్పార్కు ప్లగ్గు నిప్పు పెట్టును. డీజిల్ ఇంజనులో గాలి మాత్రమే వచ్చును. దానిని 16 మొదలు 20 రెట్ల వరకు కుదించినపుడు 500 డిగ్రీలకు మించిన వేడి పుట్టును. అపుడు చిమ్మిన డీజిల్ తనంత తానే మండును. ఇంతటి ఒత్తిడికి తట్టుకొనవలెను గనుక ఇంజను దిట్టముగా, బరువుగా ఉండును. బరువు పెరిగిన ముందరి స్ప్రింగులు మారవలెను. కుదుపు పెరిగిన ఇంజను మౌంటింగులు మారవలెను. తిప్పుబలము పెరిగిన క్లచ్చి, గేరుబాక్సు, వెనుక ఇరుసు తట్టుకొనునా యని చూడవలెను. స్టార్టరునకు, బ్యాటరీకి మునుపటికన్న ఎక్కువ సత్తువ కావలెను.

అన్నిటికన్న సూక్ష్మమైనది బ్రేకు సంగతి. డ్రైవరు కాలికి సాయపడు బూస్టరు, పెట్రోలు ఇంజను గాలిని పీల్చునపుడు ఏర్పడు శూన్యముతో పనిచేయును. సాధారణముగా డీజిల్ ఇంజనులో గాలిదారిని మూయుచు తెరచుచు ఉండు థ్రాటిల్ ఉండదు గనుక అట్టి శూన్యము ఏర్పడదు. అందుకు వేరొక పంపును అమర్చవలెను. ఈ సంగతి మరచిన మెకానికు కారును చక్కగా నడిపింపగలడు. ఆపుట మాత్రము కష్టము.

టర్బోచార్జరు చేరినచో జాగ్రత్త ఇంకను పెరుగవలెను. స్విట్జర్లాండు దేశీయుడగు ఆల్ఫ్రెడ్ బూఖీ 1905లో పేటెంటు పొందిన భావము ఇది: వృథాగా పోవు పొగబలముతో ఒక చక్రమును తిప్పి, దానిచే ఇంజనులోనికి ఎక్కువ గాలిని నెట్టించుట. చిన్న ఇంజనులలో ఆ చక్రము నిమిషమునకు లక్ష చుట్లకు మించి తిరుగును. నూనె సరఫరా క్షణకాలము తప్పినను బేరింగు మాడిపోవును. 1978లో మెర్సిడిస్ సంస్థ 300 ఎస్‌డీ కారుతో ఈ ఏర్పాటును ప్రయాణికుల డీజిల్ కారులలోనికి తెచ్చెను. అట్టి ఇంజనును మోయుటకు నిర్మింపబడని పాత కారు దేహములో దానిని ఇముడ్చుట సాహసమే.

ఇక పొదుపు సంగతి. లెక్కకొఱకు, మార్పిడికి లక్ష రూపాయలు పట్టుననియు, కారు లీటరు పెట్రోలునకు 10 కిలోమీటర్లు, లీటరు డీజిల్‌కు 14 కిలోమీటర్లు నడచుననియు అనుకొందము. 2012 నాటి ధరల ప్రకారము కిలోమీటరునకు పెట్రోలు ఖర్చు 7 రూపాయల 30 పైసలు. డీజిల్ ఖర్చు 2 రూపాయల 93 పైసలు. పెట్టిన లక్ష తిరిగి వచ్చుటకు సుమారు 22,900 కిలోమీటర్లు తిరుగవలెను. ఏడాదికి 40,000 కిలోమీటర్లు తిరుగు టాక్సీకి ఇది ఏడు నెలల మాట. ఏడాదికి 5,000 తిరుగు గృహస్థునకు నాలుగున్నర యేండ్లు దాటును.

కాని ధర స్థిరము కాదు. 2014 అక్టోబరులో ప్రభుత్వము డీజిల్ ధరపై తన అదుపును ఎత్తివేసెను. 2020 జూన్ 24న ఢిల్లీలో డీజిల్ వెల పెట్రోలు వెలను మించెను. రెండును 80 రూపాయలకు చేరువగా ఉండెను. రెండింటిని 80గా తీసికొన్నచో ఆ లక్ష రాబట్టుటకు 43,750 కిలోమీటర్లు కావలెను. మన గృహస్థునకు అది ఎనిమిదేండ్ల పైమాట. ఇంజను మారలేదు, రోడ్డు మారలేదు. ధర మారగా పొదుపు కరగిపోయినది.

ఇంతవరకు వ్రాసినది యజమాని లెక్క మాత్రమే. దారిన పోవువారి లెక్క వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగము 2012 జూన్‌లో డీజిల్ పొగను మనుష్యులకు క్యాన్సరు కలిగించు పదార్థముల తొలి వర్గమున చేర్చినది. 2020 ఏప్రిల్ 1 నుండి మన దేశమున అమలైన భారత్ స్టేజ్-6 ప్రమాణముల ననుసరించి, క్రొత్త డీజిల్ కారులలో మసిని పట్టి ఉంచు వడపోత అమర్చబడుచున్నది. పాత సామానుల అంగడిలో కొన్న పాత ఇంజనునకు ఆ వడపోత ఎక్కడిది? సొమ్మొకనిది, సోకొకనిది యన్న సామెత ఇచ్చట కొంచెము మారును: ఆదా ఒకనిది, పొగ అందరిది. ఉదయము బడిగేటు ముందు నిలిచిన పిల్లవాడు ఆ కారెక్కలేదు, ఆ ఆదాలో పైసా ఎఱుగడు. ఐనను తన ఊపిరితో వాటా చెల్లించుచున్నాడు.

పాత కారును పారవేయక వాడుకొనుట మంచిది కాదా యని కొందరు ప్రశ్నింతురు. మంచిదే. డీజిల్ ఇంజను తక్కువ ఇంధనముతో ఎక్కువ దూరము నడచుననుటయు నిజమే. కాని కారును బ్రతికించుటకు డీజిల్ ఒక్కటే దారి కాదు. ఉన్న పెట్రోలు ఇంజనునే సరిచేయించుట తక్కువ ఖర్చుతో పోవు దారి. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భిన్నముగా వాహనమును ఇష్టము వచ్చినట్లు మార్చు హక్కు యజమానికి లేదు. ఇది పొదుపునకు శత్రువైన నియమము కాదు. ఆ బ్రేకు పంపును, ఆ మసిని మరచువారు ఉందురు గనుక ఏర్పడిన నియమము.

కావున నా అభిప్రాయమిది. ఇంజను మార్చగల నేర్పు గౌరవింపదగినదే. పూర్తి లెక్క వేయకుండ ఆ నేర్పును వినియోగించుట మాత్రము తగదు. ఉపాధ్యాయులు ఈ ఒక్క విషయముతో భౌతికశాస్త్రమును, అంకగణితమును, పౌరనీతిని ఒకే గంటలో బోధింపవచ్చును. పై లెక్కను నల్లబల్లపై వేయించి, ధరలు మార్చి మార్చి మరల చేయింపుడు. చివర ఒక ప్రశ్న అడుగుడు: “ఈ మొత్తములో మన ఊపిరి వెల ఏ వరుసలో వ్రాసితిమి?” తరగతి కాసేపు నిశ్శబ్దమైనచో పాఠము ఫలించినట్లే.