మయూరికి కాలు చేసినవాళ్లు

నర్తకి సుధా చంద్రన్ పేరు చెబితే తెలుగువాళ్లకు ‘మయూరి’ సినిమా గుర్తొస్తుంది. 1981లో తిరుచిరాపల్లి దగ్గర బస్సు ప్రమాదం, గాయానికి గాంగ్రీన్, టీనేజీలోనే కుడికాలు మోకాలి కింద తీసేయడం, ఆ తర్వాత కృత్రిమ కాలికి గజ్జె కట్టడం. సింగీతం శ్రీనివాసరావు తీసిన ఆ సినిమాలో ఆమె తన కథలో తానే నటించి, జాతీయ పురస్కారాల్లో ప్రత్యేక జ్యూరీ గుర్తింపు అందుకున్నారు. నలభై ఏళ్లుగా మనోబలం అనగానే ఆ కథే చెప్పుకుంటున్నాం. చెప్పుకోవాల్సిందే. కానీ సగమే చెప్పుకుంటున్నాం.

మిగతా సగం జైపూర్‌లో ఉంది.

అక్కడి సవాయ్ మాన్‌సింగ్ ఆస్పత్రిలో ఎముకల వైద్యుడు పి.కె.సేఠీ. ఆయనతో కలిసి పనిచేసిన రామచంద్ర శర్మ పెద్దగా బడి చదువు లేని హస్తకళాకారుడు. అప్పటికి దొరికే విదేశీ కృత్రిమ పాదం బూటు తొడుక్కుని కుర్చీలో కూర్చునేవాళ్ల కోసం చేసింది. దాంతో గొంతుకూర్చోలేరు, బాసింపట్టు వేసుకోలేరు, ఉత్తకాళ్లతో మడిలో దిగలేరు. ఒకసారి సైకిల్ టైరు బాగుచేయించుకోవడానికి రోడ్డు పక్క దుకాణానికి వెళ్లిన శర్మ కళ్లు లారీ టైరుకు కొత్త రబ్బరు వేస్తున్న పని మీద పడ్డాయని చెబుతారు. పాదానికీ ఆ రబ్బరే ఎందుకు వాడకూడదు? ఆ ఆలోచనలోంచి 1968 ప్రాంతంలో రబ్బరు, చెక్క కలిపిన జైపూర్ పాదం తయారైంది. చీలమండ దగ్గర ఎటైనా వంగుతుంది, తడిసినా పాడవదు, చెప్పు లేకుండానే నడవొచ్చు. సేఠీకి 1981లో మెగసెసే అవార్డు దక్కింది. శర్మ పేరు మాత్రం ఈనాటికీ చాలామందికి తెలియదు. ఇది చిన్న అన్యాయం కాదు.

పత్రికలో ఈ పాదం గురించి చదివి సుధ సేఠీ దగ్గరకు వెళ్లారు. సాధన చేస్తుంటే రాపిడికి రక్తం కారేది. అయినా ఆపలేదు. 1984లో ముంబయిలో మళ్లీ వేదికెక్కారు. పట్టుదల ఆమెదే, సందేహం లేదు. దాన్ని మోయడానికి ఒక కాలు, ఒక డాక్టరు, ఒక పనివాడు, వెన్నంటి నిలిచిన తల్లిదండ్రులు కూడా ఉన్నారు.

ఇది మరిచిపోతే నష్టపోయేది పేదవాళ్లు. షుగరు వల్లో, రోడ్డు ప్రమాదంలోనో కాలు పోయిన కూలీకి ‘ధైర్యంగా ఉండు, సుధా చంద్రన్‌ను చూడు’ అంటాం. అతను లేవలేకపోతే మనోబలం లేదని తేల్చేస్తాం. కాలు తీసేసిన తర్వాత కొన్ని నెలలపాటు మిగిలిన భాగం వాపు తగ్గి సన్నబడుతుంది. మొదట అమర్చిన సాకెట్ వదులవుతుంది, ఒరుసుకుని పుండు పడుతుంది. పిల్లలకైతే ఎదిగేకొద్దీ మార్చాలి. పాదమూ అరిగిపోతుంది. ఉచిత శిబిరంలో ఒక్కరోజులో కాలు ఇవ్వడం మంచి పనే. ఆర్నెల్లకు అది వదులైతే ఎవరి దగ్గరకెళ్లాలో చెప్పే మనిషి లేకపోతే, ఆ కాలు అటకెక్కుతుంది, మనిషి మంచానికి అంటుకుపోతాడు.

అందుకే ప్రతి జిల్లా ఆస్పత్రిలో కృత్రిమ కాళ్లు సరిచేసే చిన్న గది, అందులో ఏడాది పొడవునా ఉండే టెక్నీషియన్, నడక నేర్పే ఫిజియోథెరపిస్టు కావాలి. వచ్చి వెళ్లే బస్సు ఛార్జీ, ఆ రోజు కూలి కూడా లెక్కలోకి తీసుకోవాలి. సుధకు అందిన తోడ్పాటును ఆ కూలీకీ అందించాకే అతని పట్టుదల గురించి మాట్లాడే హక్కు మనకు వస్తుంది.