చెక్కకి ఊపిరాడాలంట!

"నైట్రో పూత అయితేనే గిటారు చెక్కకి ఊపిరాడుతుంది బాస్. పాలీ వేస్తే చెక్కని ప్లాస్టిక్ సంచిలో మూటగట్టినట్టే!"

మొన్న మా ఆఫీసు క్యాంటీన్లో ఒక మిత్రుడు సెలవిచ్చిన మాట ఇది. చేతిలో ఫోను, ఫోన్లో ఒక ఫెండర్ గిటారు బొమ్మ. కొత్తదే, కానీ పాతదానిలా కనపడాలని ఫ్యాక్టరీలోనే రంగు గీకి, పగుళ్లు తెప్పించి, మోచెయ్యి ఆనే చోట చెక్క బయటపడేలా అరగదీసి పంపిస్తారు. వీటిని రెలిక్ అంటారు, 1990ల్లో మొదలైన ముచ్చట. ధర మన డబ్బుల్లో నాలుగైదు లక్షలు. మావాడు దసరా బోనస్‌తో కొంటాడట. కొననీండి, వాడి డబ్బులు వాడిష్టం. నాకు ఒళ్లు మండింది ఆ "ఊపిరి" అన్న మాటకి. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

ముందు చెక్క సంగతి. చెట్టు కొట్టి, కోసి, ఆరబెట్టాక చెక్క ఊపిరి పీల్చదు. అది చేసేదల్లా గాల్లో తేమని బట్టి కాస్త ఉబ్బడం, కాస్త కుంచించుకోవడం. ఏ పూతైనా, నైట్రో అయినా పాలీ అయినా, ఆ తేమ రాకపోకల్ని నెమ్మది చేయడానికే ఉంది. ఇక శబ్దమా? ఎలక్ట్రిక్ గిటారులో పికప్ అంటే అయస్కాంతం చుట్టూ సన్నటి రాగి తీగ. ఉక్కు తంతి దాని పైన కదిలితే తీగలో కరెంటు పుడుతుంది, అది ఆంప్లిఫయరుకి పోతుంది. రెండంగుళాలకి కాస్త తక్కువ మందమున్న చెక్క దిమ్మ మీద వెంట్రుకవాసి పూత ఆ కరెంటుని ఏం మారుస్తుంది? తంతి మారిస్తే తేడా తెలుస్తుంది, స్పీకరు మారిస్తే తెలుస్తుంది. పూత మారిస్తే తెలిసేది కంటికే. వీణ సంగతి వేరు, అకౌస్టిక్ గిటారు సంగతి వేరు. వాటిలో పల్చటి చెక్కే ఊగి పలకాలి, అక్కడ మందపాటి పూత నిజంగానే గొంతు నొక్కుతుంది. ఆ మాటని పట్టుకొచ్చి దిమ్మ గిటారుకి అతికించారు మనవాళ్లు.

అసలు ఈ నైట్రో ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిస్తే నవ్వొస్తుంది. 1920ల్లో డ్యూపాంట్ కంపెనీ కార్ల కోసం డ్యూకో అనే రంగు తెచ్చింది. నైట్రోసెల్యులోజ్ లాకరన్నమాట. అంతకుముందు కారుకి రంగేసి ఆరబెట్టాలంటే వారాలు పట్టేది, దీంతో గంటల్లో తేలిపోయింది. 1950ల్లో కాలిఫోర్నియాలో లియో ఫెండర్ గిటార్లు చేస్తూ అదే కారు రంగు వాడాడు. తొందరగా ఆరుతుంది, బజార్లో దొరుకుతుంది, అంతే! అరవైల్లో దాని కింద ఫుల్లర్‌ప్లాస్ట్ అనే సీలరు కొట్టేవాళ్లు, ఒకసారి గట్టిపడితే పైనేసే లాకరుకి కూడా కరగని పూత అది. అంటే మా క్యాంటీన్ మిత్రుడు పూజించే అరవైల గిటార్లకి కూడా నైట్రో కింద ప్లాస్టిక్ లాంటి తొడుగు ఉంది మహాప్రభో! 1968 నాటికి వాళ్లే మందపాటి పాలియెస్టర్‌కి మారిపోయారు, మళ్లీ అదే కారణం, పని వేగం. దీన్ని మనం టోన్ అంటున్నాం. మన భాషలో చెప్పాలంటే అది ఆర్కిటెక్చర్ నిర్ణయం కాదు, రిలీజ్ డేట్ నిర్ణయం.

(అన్నట్టు, మన నిర్మల్ పెయింటింగుల మీద నిగనిగలాడే రంగులు కూడా డ్యూకోవే. స్ట్రాటోకాస్టరుకీ నిర్మల్ పటానికీ ఇంత దగ్గరి చుట్టరికం ఉందని నాకూ ఈ మధ్యే తెలిసింది.)

సరే, అసలు విషయానికొస్తా. మాది మరిపెడ. వరంగల్ - ఖమ్మం రోడ్డు మీద బంగ్లా దగ్గర బస్సు ఆగితే మీరు టీ తాగి ఉంటారు, ఆ మరిపెడే. నేను చదువుకునేటప్పుడు వరంగల్ జిల్లా, 2016 నుంచి మహబూబాబాద్ జిల్లా. మాది వడ్ల పని చేసే ఇల్లు. మా తాత నాగళ్లు, బండి చక్రాలు చేసేవాడు. ట్రాక్టర్లొచ్చి అవి పోయినయ్. మా నాయిన తలుపులు, కిటికీలు చేసేవాడు. రెడీమేడ్ తలుపులొచ్చి అవీ పోయినయ్. అప్పుడు హైదరాబాదొచ్చి పాలిష్ పనిలో చేరాడు. కొండాపూర్, మియాపూర్, నిజాంపేట... మన అపార్టుమెంట్లే. మన వార్డ్‌రోబులే, మన టీవీ యూనిట్లే. నా ఇంజినీరింగ్ ఫీజులో రీయింబర్స్‌మెంటు పోగా మిగిలింది వాటి మెరుపులోంచి వచ్చిందే.

ఆ మెరుపు పేరు పీయూ. రెండు డబ్బాలొస్తాయి, ఒకటి పూత, ఇంకోటి హార్డెనర్. రెండూ కలిపి, తిన్నరు పోసి, గన్నుతో కొడతారు. హార్డెనర్లో ఐసోసయనేట్లుంటాయి. ఊపిరితిత్తులకి అవి ఒకసారి పడకుండా పోయాయంటే, ఆ తర్వాత కొంచెం తగిలినా ఆయాసం వస్తుంది. పెయింటు పనివాళ్లకొచ్చే ఆస్తమాకి ప్రపంచమంతా పేరున్న కారణం ఇది. దుమ్ము రేణువు పడితే అద్దంలాంటి మెరుపు చెడిపోతుంది కాబట్టి కిటికీలు మూసేసి కొట్టాలి. మా నాయిన మూతికి కట్టుకున్నది చేతిరుమాలు. చేతిరుమాలు దుమ్మునే సరిగ్గా ఆపదు, ఇక ఆవిరినేం ఆపుతుంది? బొగ్గు కార్‌ట్రిడ్జి ఉన్న మాస్కు కావాలి, గాలి బయటికి లాగే ఫ్యాను కావాలి. ఇంటీరియర్ ఎస్టిమేట్ మీలో చాలామంది చూసే ఉంటారు. ప్లైవుడ్ బ్రాండు రాసుంటుంది, హింజెస్ బ్రాండు రాసుంటుంది, ఎల్‌ఈడీ స్ట్రిప్పు మీటర్లలో రాసుంటుంది. మాస్కు అన్న లైను ఎప్పుడైనా చూశారా?

ఎనిమిదేళ్లు చేశాడు. ఒక ఫ్లాటులో సార్ ఒకాయన (మనవాడే, మెడలో ట్యాగుతోనే వచ్చేవాడట) తలుపు మీద ఆవగింజంత చుక్క చూపించి మూడుసార్లు గీకించి మళ్లీ కొట్టించాడు. తర్వాత కొన్నాళ్లకి రాత్రిళ్లు పిల్లికూతలు మొదలైనయ్. ఖమ్మంలో డాక్టరు దగ్గరికి తీసుకుపోతే ఆయన అడిగిన మొదటి ప్రశ్న "సిగరెట్లు ఎన్ని తాగుతవు?" అని. మా నాయిన జీవితంలో సిగరెట్ ముట్టలేదు. రెండో ప్రశ్న "పని ఏంది?" అంతే, మూడో ప్రశ్న అడగలేదు.

ఇప్పుడర్థమైందా ఊపిరి మాట వింటే నాకు ఒళ్లెందుకు మండిందో?

పోయినేడు ఇంటి నుంచి పని చేసుకోడానికి నెలన్నర మరిపెడలో ఉన్నా. ఇంటెనక పాత పెంకుటిల్లు విప్పినప్పటి టేకు దూలం ఒకటి పడుంది. ఇంజినీరింగ్‌లో ఉన్నప్పుడు గివ్‌సన్ గిటారు మీద నాలుగు కార్డ్స్ నేర్చుకున్న పాపానికి, దాంతో టెలికాస్టర్ ఆకారంలో ఒక గిటారు చేద్దామని బుద్ధి పుట్టింది. మెడ మాత్రం కొన్నాను, ఫ్రెట్లు వేయడం నాకు చేతకాదు, ఒప్పేసుకుంటున్నా. దిమ్మ కోయడం, జోడించడం, చిత్రిక పట్టడం ఇంట్లోనే. దూలంలో తాతల నాటి మేకు ఒకటి దాక్కుని రంపం పళ్లు రెండు తినేసింది. టేకు బరువు కదా, దిమ్మొక్కటే మూడు కిలోల దాకా తూగింది. భుజం నొప్పికి టోన్ అని పేరు పెట్టుకుంటే సరి!

మా నాయిన మొదటి రోజు చూసి ఒకటే మాట, "గిందుకేనారా నిన్ను సదివిచ్చింది?" నా దగ్గర జవాబు లేదు. మన దగ్గర ఇదొక వింత. నేను ఆదివారం ఉలి పడితే అది హాబీ, ఇన్‌స్టాలో పెడితే "వావ్ బ్రో" అంటారు. ఆయన ముప్పై ఏళ్లు పడితే అది కూలి, లిఫ్టు వాడొద్దని అపార్టుమెంట్ వాచ్‌మన్ చెప్తాడు.

రంగు నల్లగా కావాలనుకున్నా. బజారు స్టెయిన్ వద్దని కలంకారీ వాళ్ల దారి పట్టా. శ్రీకాళహస్తిలో, పెడనలో బట్టకి ముందు కరక్కాయ పట్టించి, తుప్పుపట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో నానబెట్టి పులియబెట్టిన కసిం తగిలిస్తారు. కరక్కాయలోని వగరూ ఇనుమూ కలిస్తే నలుపు. బట్టకి పట్టేది చెక్కకెందుకు పట్టదు? పాత మేకులు, బెల్లం, కుండ, ఇరవై రోజులు. వాసన గురించి మా అమ్మని అడగండి. చెక్కని ఎనభై నంబరు ఉప్పుకాగితం నుంచి రెండొందల ఇరవై దాకా రుద్ది, తడిగుడ్డతో తుడిస్తే పీచు లేస్తుంది, అది ఆరాక మళ్లీ రుద్దాలి. ఈ మెట్టు దాటేస్తే రంగేసిన తర్వాత గడ్డం మొలిచినట్టు గరగర లేస్తుంది, అప్పుడు రుద్దితే రంగు పోతుంది. తర్వాత కరక్కాయ నీళ్లు రెండుసార్లు, పైన కసిం. పూసినప్పుడు మురికి నీళ్లలా ఉంటుంది, చూస్తుండగానే నల్లబడుతుంది. పెయింటులా చెక్కని కప్పెయ్యదు, టేకు గీతలు లోపల్నుంచి కనపడతూనే ఉంటాయి. అంచులు కాస్త గీకితే తేనె రంగు బయటపడింది. మోదుగపూల రంగు కూడా ఒక ముక్క మీద వేసి చూశా. హోలీకి బాగుంటుంది గానీ ఎండకి నిలవలేదు.

ఇక పూత. ఇక్కడ నా తెలివి చెప్పాలి. ఇంత తిట్టినా నాకూ లోపల నైట్రో మోజు ఉంది, దాచుకోను. ఒక లీటరు తెప్పించి, జులైలో, వానలో, మా నాయిన పాత గన్నుతో మామిడి ముక్క మీద కొట్టా. గాల్లో తేమకి పూత పాలు చల్లినట్టు తెల్లబారింది. అదొక్కటే అయితే నవ్వుకునేవాణ్ణి. తిన్నరు వాసన ఇంట్లోకి పోయి మా నాయిన దగ్గుతూ బయటికొచ్చి, వేపచెట్టు కింద కూలబడి ఇన్‌హేలరు పీల్చుకున్నాడు. నన్నొక్క మాట అనలేదు. మిగిలిన డబ్బా ఆ సాయంత్రమే మూత బిగించి ఇంట్లోంచి తీసేశా.

వారం తర్వాత ఆయనే అన్నాడు, "లక్క పట్టియ్యరాదురా, మా నాయిన గదే పట్టిస్తుండె."

లక్క! మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద ఒక చిన్న పురుగు కట్టే గూడు. దీనికోసమే 1924లో రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లో పరిశోధనా సంస్థ పెట్టారు. పాత డెబ్బై ఎనిమిది ఆర్‌పీఎం గ్రామఫోను రికార్డులు ఈ లక్కతో చేసినవే. మందుబిళ్లల మీద, మిఠాయిల మీద మెరుపు ఇదే. ఏటికొప్పాకలో అంకుడు బొమ్మ తిరుగుతుంటే ఆ వేడికి కరిగి అంటుకునేదీ ఇదే. అక్కడ సి.వి. రాజుగారు రసాయన రంగులు మాన్పించి, చెట్ల రంగుల దారి పట్టించారు, పిల్లలు బొమ్మ నోట్లో పెట్టుకుంటారు కదా అని. 2023లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. బొమ్మ పూత నోట్లోకి పోతుందని ఒకాయన ఆలోచించాడు. తలుపు పూత ఎవరి ముక్కులోకి పోతుందో మనలో ఎంతమందిమి ఆలోచించాం?

లీటరు స్పిరిట్‌కి నూరు గ్రాముల లక్క రేకులు. రాత్రంతా నానబెట్టి వడగట్టాలి. దూదిని పాత ధోవతి ముక్కలో మూటగట్టి, ఒక చుక్క నూనె అంటించి, ఎనిమిది అంకె గీస్తున్నట్టు రుద్దుతూ పోవాలి. చెయ్యి ఆగిందా, మూట అంటుకుని మచ్చ పడుతుంది. నేను రుద్దిన వైపు మూడు మచ్చలున్నాయి. ఆయన రుద్దిన వైపు ఒక్కటీ లేదు. వాకిట్లో, గాలికి, రోజుకి రెండు మూడు పూతలు, పన్నెండు రోజులు. స్పిరిట్ కూడా తీర్థం కాదు, నిప్పుకి దూరంగా ఉండాలి, మూసిన గదిలో దానితోనూ పని చేయకూడదు. కానీ ఆ పన్నెండు రోజులూ ఇన్‌హేలరు అరుగు మీదే ఉండిపోయింది.

లక్కకి లోపాలు లేవని బుకాయించను. మెత్తన. చెమట పడదు, వేడి పడదు. మద్యం గ్లాసు పెడితే కరుగుతుంది. నా గిటారు మీద అప్పుడే టీ గ్లాసు తెల్ల వలయం ఒకటి పడింది. మా నాయిన మూట తడిపి రెండుసార్లు రుద్దితే పోయింది. పీయూకి గీత పడితే మొత్తం గీకాలి, దీనికి అదే పూత తనలో తాను కలిసిపోతుంది.

"మరి మాస్కులు కొనిస్తే పీయూ కొట్టించుకోవచ్చు కదా?" అంటారా. కొట్టించుకోండి, ఎవరు వద్దన్నారు? కార్‌ట్రిడ్జి మాస్కు కొనండి, కార్‌ట్రిడ్జిలు మారుస్తున్నారో లేదో చూడండి, ఫ్యాను పెట్టించండి, ఎస్టిమేట్లో ఆ లైను మీరే రాయండి. కిటికీ తెరిచినందుకు పడిన ఆవగింజంత చుక్కని చూసీ చూడనట్టు వదిలెయ్యండి. ప్రొడక్షన్‌లో మనం వదిలేసే బగ్గులతో పోలిస్తే అదెంత!

క్యాంటీన్ మిత్రుడికి నా గిటారు చూపించా. వాయించి, అటూ ఇటూ తిప్పి, "ఇది నైట్రోనా? భలే రెసొనెన్స్ ఉంది" అన్నాడు. లక్క అని చెప్పాక కాసేపు ఆలోచించి, తన పాత గిటారుకి కూడా ఇలా చేయించి పెట్టమన్నాడు, ఎంతవుతుందని అడిగాడు. మా నాయినకి ఫోన్ చేసి కనుక్కున్నా. పన్నెండు రోజుల కూలి, రోజుకి పద్నాలుగు వందలు, లక్కా స్పిరిట్ ఖర్చు వేరే. అద్దంలా ఉండదు. వానాకాలం చెయ్యడు. గిటారు మరిపెడకి తెచ్చి ఇవ్వాలి.

"చెక్క పనికి అంతా?" అన్నాడు మావాడు.