చెల్లి సైకాలజీ చదువుతానంది

మా ఇంట్లో ఇంజినీరింగ్ చేసింది నేనొక్కణ్నే కాబట్టి, ఎవరి పిల్లలకి ఇంటర్ అయినా ఫోన్ నాకే వస్తుంది. ఈసారి ఖమ్మం నుంచి బాబాయి కూతురు. "అన్నయ్యా, నేను సైకాలజీ చదువుతా. నాన్నకి నువ్వే చెప్పాలి" అంది. వెనకాల బాబాయి గొంతు: "పిచ్చి డాక్టర్ అవుతుందంటరా ఇది!"

ముందు ఆ ముడి విప్పాలి. మందులు రాసే సైకియాట్రిస్ట్ వేరు. ఎంబీబీఎస్ చదివి, ఆ మీద ఎండీ చేయాలి. చెల్లి అడుగుతున్నది డిగ్రీ. దానికి నీట్ అక్కర్లేదు. బీఏ అయితే చాలా చోట్ల ఇంటర్‌లో ఏ గ్రూపైనా సరే. తెలంగాణలో దోస్త్ ద్వారా అప్లై చేసుకోవాలి, ఢిల్లీ యూనివర్సిటీ లాంటి చోటికైతే సీయూఈటీ రాయాలి.

రెండు రాత్రులు సిలబస్‌లు ముందేసుకుని కూర్చున్నా. కొత్త విధానంలో మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కి 160. నాలుగో ఏడు రిసెర్చ్‌తో చేయాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం ఉండాలి. చేరే ముందు ఇంకోటి అడిగి తెలుసుకోవాలి: పట్టాలో సైకాలజీ మేజరా, మైనరా? పీజీకి వెళ్లినప్పుడు ఇదే అడ్డం పడొచ్చు.

అసలు కథ సిలబస్‌లో ఉంది. మా చెల్లి లెక్కలు తప్పించుకోవడానికే బైపీసీ తీసుకుంది. "ఇందులో మ్యాథ్స్ ఉండదుగా అన్నయ్యా?" అని మూడుసార్లు అడిగింది. ఉంటుందమ్మా. స్టాండర్డ్ డీవియేషన్, కోరిలేషన్, టీ-టెస్ట్, కై-స్క్వేర్... మా ఆఫీసులో రెండు బటన్లలో ఏది ఎక్కువమంది నొక్కారో తేల్చడానికి చేసే లెక్కే, ఇక్కడ మనుషుల మీద చేస్తారు. ల్యాబ్ కూడా ఉంది. ముల్లర్-లయర్ భ్రమ అని, సమానంగా ఉన్న రెండు గీతల్లో ఒకటి పొడుగ్గా కనిపిస్తుంది. ఎవరికి ఎంత తేడా కనిపించిందో కొలిచి, రికార్డు రాయాలి. 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో వూంట్ ల్యాబ్ పెట్టినప్పటి నుంచీ ఈ శాస్త్రం కొలతల మీదే నిలబడింది. అందుకే ఫీజు కట్టే ముందు కాలేజీలో ఆ ల్యాబ్ తాళం తీయించి చూడమన్నా. దుమ్ము పట్టి ఉంటే వేరే కాలేజీ చూసుకోవడమే.

బాబాయి దగ్గర ఇంకో ఐడియా ఉంది. "బీఎస్సీ కంప్యూటర్స్‌లో వేద్దాం. సైకాలజీ సరదాకి దూరవిద్యలో చేసుకుంటది." నిరుడైతే సరే అనేవాణ్నేమో. కానీ 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో చెప్పకూడదని యూజీసీ ఆపేసింది. ఉద్యోగం చేస్తూ నేనే చేద్దామనుకున్నా, ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.

ఇక చేదు మాట. డిగ్రీ చేతికొచ్చిన మర్నాడు బోర్డు పెట్టుకోవడం కుదరదు. క్లినికల్ సైకాలజిస్ట్ అనిపించుకోవాలంటే భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ కావాలి. ఇన్నాళ్లూ దారి డిగ్రీ, పీజీ, తర్వాత రెండేళ్ల ఎం.ఫిల్. మొత్తం ఏడేళ్లు. ఎం.ఫిల్‌లను యూజీసీ 2022లోనే ఆపేసి, దీనికి మాత్రం 2025-26 దాకా గడువిచ్చింది. కాబట్టి కొత్త దారి ఏంటో ఏటేటా ఆర్‌సీఐ సైట్‌లో చూసుకోవాల్సిందే. నా స్నేహితులు నాలుగేళ్ల బీటెక్ అవ్వగానే జీతం తీసుకున్నారు. ఈ తేడా చెల్లికి దాచకుండా చెప్పా. "తెలుసు" అంది.

బాబాయికి ఇదంతా చెప్పాక ఆయన అడిగింది ఒక్కటే: "ఇంత చదివి కూర్చుంటే ఎవరొస్తార్రా దీని దగ్గరికి?"

నోట్లోంచి వచ్చేసింది. "నేను వెళ్లా బాబాయ్. పోయినేడు. నైట్ రిలీజులు, నిద్ర లేదు, నెలల తరబడి. ఎనిమిది వారాలు వెళ్లా."

ఫోన్లో ఏం వినపడలేదు. కట్ అయిందేమో అనుకున్నా.

"మీ అమ్మకి తెలుసా?"

"తెలీదు."

"ఇప్పుడు పడుతోందా నిద్ర?"

"పడుతోంది."

ఇంకాసేపు ఆగి, "దోస్త్‌లో ఆఖరు తేదీ ఎప్పుడో చూసి పెట్టు" అని ఫోన్ పిన్నికిచ్చాడు.