జొన్నగిరిలో రాయికి పరీక్ష ఉంది.. పుట్టగొడుగుకు లేదు

తొలకరి వానలు పడితే చాలు, కర్నూలు జిల్లా తుగ్గలి మండలం జొన్నగిరి చేలు జనంతో నిండిపోతాయి. చుట్టుపక్కల ఊళ్ల నుంచే కాదు, కర్ణాటక, తెలంగాణ నుంచి కూడా వజ్రాల కోసం వస్తారు. చెట్ల కింద ఉంటూ, అక్కడే వండుకుంటూ రోజుల తరబడి వెతుకుతారు. అదే వానకు చేలగట్ల మీద, పుట్టల పక్కన పుట్టగొడుగులు కూడా లేస్తాయి.

మెరిసే రాయి దొరికితే వ్యాపారికి చూపిస్తారు. ఆయన రంగు చూస్తాడు, బరువు చూస్తాడు. ధర నచ్చకపోతే ఇంకొకరి దగ్గరికి వెళ్తారు. పుట్టగొడుగు మాత్రం ఎవరికీ చూపించకుండానే పొయ్యి మీదికి చేరుతుంది. రాయి విషయంలో పొరబడితే పోయేది రోజు కష్టం. పుట్టగొడుగు విషయంలో పొరబడితే పోయేది ప్రాణం. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది చనిపోయారు.

'తాతల కాలం నుంచి తింటున్నాం, ఏమీ కాలేదు' అనే మాట ప్రతి ఊళ్లో వినిపిస్తుంది. అందులో నిజం లేకపోలేదు. తన చేలో ఏ పుట్ట దగ్గర ఏ రకం వస్తుందో ఆ ఇంటి పెద్దమ్మకు బాగా తెలుసు. కానీ ఆ తెలివి ఆ చేనికి సంబంధించింది. ఊరుకాని ఊరు వచ్చినవాళ్లు కొత్త నేలలో ఏరుకున్నా, రోడ్డు పక్కన కుప్పపోసి పట్నంవాళ్లకు అమ్మినా, పుట్టగొడుగు వెళ్తుంది గానీ ఆ తెలివి దాని వెంట వెళ్లదు. ప్రమాదమంతా అక్కడే ఉంది.

పుట్ట మీద లేచే అసలు రకాన్ని చెదపురుగులే తమ గూట్లో పెంచుతాయి. దాని కాడ వేరులా నేలలోపలికి, ఆ గూటి దాకా దిగి ఉంటుంది. దీన్ని బటన్, పాల పుట్టగొడుగుల్లా షెడ్లలో సాగు చేయడం కుదరడం లేదు. అందుకే బయట ఏరినదే తినాలి. దానిలాగే కనిపించే ఇంకో పెద్ద తెల్ల గొడుగు వానలకు గడ్డి నేలల్లో వస్తుంది. ముదిరితే దాని అడుగు రేకులు ఆకుపచ్చగా మారతాయి. లేతగా ఉన్నప్పుడు అవీ తెల్లగానే ఉంటాయి కాబట్టి చాలామంది మోసపోతారు. తింటే కొద్ది గంటల్లోనే విపరీతమైన వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి.

అంతకన్నా భయంకరమైనవి అమనిటా జాతిలోని కొన్ని రకాలు. వాటి విషం ఉడికించినా, ఎండబెట్టినా పోదు. తిన్న 6 నుంచి 24 గంటల దాకా ఏమీ అనిపించదు. తర్వాత వాంతులు, విరేచనాలు మొదలై, ఒకరోజు తగ్గినట్టే తగ్గుతాయి. 'నయమైపోయింది' అనుకునే ఆ సమయంలోనే లోపల కాలేయం దెబ్బతింటూ ఉంటుంది.

వెండి చెంచా నల్లబడితే విషమని, వెల్లుల్లి రంగు మారకపోతే మంచిదని, పురుగులు తింటే మనుషులూ తినొచ్చని చెప్పే పరీక్షలు ఏవీ పనికిరావు. ఉర్దూలో దీన్ని 'సాంప్ కీ ఛత్రీ' అని, తెలుగులో కొన్నిటిని 'కుక్కగొడుగులు' అని పిలవడంలోనే పెద్దల హెచ్చరిక ఉంది.

చట్టం ఏం చెబుతోంది? 2006 నాటి ఆహార భద్రత చట్టం ప్రకారం వీధుల్లో తిరిగి ఆహారం అమ్మేవాళ్లు కూడా పేరు నమోదు చేసుకోవాలి. హానికర ఆహారం వల్ల ప్రాణం పోతే బాధిత కుటుంబానికి కనీసం 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలి. కానీ ఇదంతా జరిగిన తర్వాత మాట. బుట్టలో ఉన్నది ఏ రకమో నమోదు కాగితం చెప్పదు. ఫ్రాన్స్‌లో మందుల షాపు ఫార్మసిస్టులకు చదువులోనే పుట్టగొడుగుల గుర్తింపు నేర్పిస్తారు. ఏరినవాళ్లు బుట్ట తెచ్చి వాళ్లకు చూపించుకుంటారు.

అమ్మకాలు ఆపేయమంటే నష్టపోయేది నాలుగు రూపాయల కోసం పొద్దున్నే లేచి ఏరుకొచ్చే కూలీలే. వాళ్లకు కావాల్సింది గుర్తింపు నేర్పేవాళ్లు. ఎమ్మిగనూరు దగ్గర బనవాసిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, ఊళ్లలో రైతు సేవా కేంద్రాలున్నాయి. తొలకరికి ముందు ఒక్కరోజు, ఊరి పెద్దమ్మలను కూర్చోబెట్టుకుని స్థానిక రకాల ఫొటోలతో శిక్షణ ఇస్తే పెద్ద ఖర్చేమీ కాదు.

అప్పటిదాకా జాగ్రత్త అమ్మేవాళ్లదీ, కొనేవాళ్లదీ. అమ్మేవాళ్లు మొదలుతో సహా తవ్వి తీయాలి, రకాలు కలపకూడదు, ప్లాస్టిక్ కవర్లో మూటకట్టకూడదు. కొనేవాళ్లు తరిగినవీ, ఎండినవీ తీసుకోకూడదు. ఎక్కడ ఏరారో అడగాలి, అనుమానం వస్తే వదిలేయాలి. పచ్చిగా తినకూడదు, పిల్లలకు పెట్టకూడదు. వండేముందు ఒకదాన్ని కాగితంలో చుట్టి పక్కన పెట్టాలి.

ఒంట్లో తేడాగా ఉంటే తెల్లారేదాకా చూడొద్దు, పసరు మందులతో పొద్దు పుచ్చొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. దాచిన పుట్టగొడుగును వెంట తీసుకెళ్లాలి, ఎప్పుడు తిన్నారో డాక్టరుకు చెప్పాలి. అదే కూర తిన్న మిగతావాళ్లు బాగానే ఉన్నా సరే, వాళ్లూ ఆస్పత్రికి వెళ్లాల్సిందే.