బోరు చేసిన ఇంజనుకు ఒక రాత్రి

గుంటూరు, ప్రకాశం మెట్ట ఊళ్ళలో ఆయిలింజను 'బోరు చేయించటం' అంటే మొత్తం విప్పి కొత్తగా కట్టించటం. (గొట్టపు బావి వేయించటానికీ అదే మాట వాడతాము గనుక పట్నవాసులు పొరబడవచ్చు.) లైనరు, పిస్టను, రింగులు, గాస్కెట్లు అన్నీ కొత్తవే పడతాయి. పని ముగిసిన సాయంత్రమే ఇంజను కాలువగట్టుకు చేరుతుంది. మరునాటికి ఎక్కడో నీరు కారుతుంది. "కొత్త సామాను వేసినా కారటమేమిటి?" అని రైతు అడిగితే, "నడుస్తుంటే సర్దుకుంటుంది లెండి" అంటాడు మేస్త్రి. సర్దుకోదు. నీటి పరీక్ష జరగని ఇంజను పని పూర్తయిన ఇంజను కాదని నా దృఢాభిప్రాయం.

నాగార్జునసాగర్ కుడికాలువకు 1967లో నీరు వదిలారు. కాలువ వచ్చినంతమాత్రాన మిట్టచేలకు నీరు తనంత తాను ఎక్కదు. అద్దంకి బ్రాంచి చివరి భూముల సంగతి చెప్పనే అక్కరలేదు. మిరప పూతమీద ఉన్నప్పుడు, పత్తి కాయ పడుతున్నప్పుడు ఒక తడి తప్పితే పూతా పిందే రాలిపోతాయి. ఇంజను ఆగినదని కౌలు తగ్గదు.

ఈ ఇంజన్లు పెక్కింటికి రేడియేటరు ఉండదు. పంపు తోడిన నీటిలోనే ఒక పాయను సన్నని గొట్టంతో తెచ్చి, సిలిండరు చుట్టూ ఉన్న జాకెట్టు గుండా నడిపి బయటికి వదులుతారు. సముద్రపుటొడ్డున మోటారుసైకిలు వలె ఎక్కి తోలే నీటి స్కూటర్లలోనూ చాలావాటిది ఇదే ఏర్పాటు. బండిని ముందుకు తోసే పంపే ఇంజనునూ చల్లబరుస్తుంది. అక్కడ ఉప్పు, ఇక్కడ ఒండ్రు. ఒండ్రు జాకెట్టు అడుగున పేరుకుంటే దాని కింద ఇనుము తుప్పుపట్టి గుంటలు పడుతుంది. లైనరు అడుగున వేసిన కొత్త రబ్బరు రింగు ఆ గుంటలమీదనే కూర్చోవాలి. కొత్త గాస్కెట్టు వేడికి వంగిన పాత హెడ్డు కిందనే నలగాలి. తప్పు కొత్త సామానుది కాదు, దానికి ఆసరా కావలసిన పాత ముఖానిది. హెడ్డుమీద ఉక్కు బద్ద నిలబెట్టి వెలుతురుకు చూస్తే వంకర తెలిసిపోతుంది. అది చూడక బోల్టులు ఇంకా బిగించటం, పైన బంక పూయటం మన అలవాటు.

బయటికి కారే నీరంతా జబ్బూ కాదు. పంపు గ్లాండు దగ్గర నూలుతాడు తడిగా ఉండటానికి నాలుగు చుక్కలు పడుతూనే ఉండాలి. అదీ ఆపుదామని బిగిస్తే తాడు మాడి షాఫ్టు అరుగుతుంది. భయపడవలసినది లోపలికి దిగే నీటికి. నూనె పాలుపోసిన టీ రంగుకు తిరిగినదంటే బేరింగులకు ఆయువు మూడినట్లే. జాకెట్టు నుంచి వచ్చే నీటిలో ఆగకుండా బుడగలు కనిపిస్తే హెడ్డు గాస్కెట్టును అనుమానించాలి. రాత్రంతా సిలిండరులోకి నీరు దిగిన ఇంజనుకు పొద్దున్నే హ్యాండిలు వేసి బలంగా తిప్పితే, నీరు అణగదు గనుక కనెక్టింగు రాడ్డే వంగుతుంది.

పరీక్షకు పెద్ద సరంజామా అక్కరలేదు. నూనె పోయకముందే జాకెట్టు నిండా నీరు నింపి, చాంబరు పక్క మూత తీసి, లోపల పొడికాగితం పరచి ఒక రాత్రి వదిలేయాలి. వీలైతే గొట్టం రెండో చివర మూసి చేతిపంపుతో కొంచెం ఒత్తిడి పెట్టాలి, ఎందుకంటే పంపు నడిచేటప్పుడు జాకెట్టులో ఉండేది నిలవనీరు కాదు. తెల్లవారి కాగితం పొడిగా ఉంటే నూనె పోయవచ్చు. ఇంజను ఒకసారి వేడెక్కి చల్లారిన తరువాత హెడ్డు బోల్టులను తయారీదారు చెప్పిన వరుసలో, చెప్పిన బిగువుకు మరల సరిచూడాలి.

ఇది మేస్త్రులకు తెలియదనుకోను. ఆ రాత్రికి వారికి కూలి లేదు. మనం సామానుకు అడిగినంత ఇస్తాము, లేతు పనికి ఇస్తాము, ఊరికే ఆగి చూడటానికి మాత్రం పైసా ఇవ్వము, పైగా "ఇంకా ఎంతసేపు?" అని నెత్తిన నిలబడతాము. అతని వాకిట ఇంకా రెండు ఇంజన్లు విప్పి ఉంటాయి. చిట్టీ చివర 'నీటి పరీక్ష' అని ఒక పద్దు రాయించి, ఒక పూట కూలి దానికి విడిగా కట్టిన నాడు, మేస్త్రి తెల్లవారుజామున తానే వచ్చి కాగితం తీసి చూస్తాడు.